అమ్మమ్మ మాట, తాత గొంతు

పెదబాబు తాత రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో నాలుగు పడవతోనూ, మూడు వలతోనూ అయిపోయేవి. మిగిలిన మూడింటినీ ఇంట్లోవాళ్ళు సర్దుకోవాలి. ఆయనకు మాటలు రాక కాదు, అవసరం పడక. ఇంట్లో మాటల శాఖ మొత్తం సత్యవతమ్మ చేతిలో ఉండేది. యానాం మార్కెట్టులో అమ్మమ్మ గంప దించి, "రండమ్మా, గోదారి చేప, ఇంకా ఊపిరి తీత్తంది!" అని ఒక్క కేక వేసిందంటే, అవతలి గట్టున ఎదుర్లంకలో ఆడవాళ్ళు కూడా సంచి వెతుక్కుంటారని తాత ఒకసారి అన్నాడు. ఆ రోజు మళ్ళీ ఇంకేమీ అనలేదు. కోటా అయిపోయింది.

పొద్దున్నే వేట నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని చుట్టలు చుట్టడం తాత పని. లంకపొగాకు ఆకు ఈనె తీసి, నీళ్ళు చిలకరించి, తొడ మీద పెట్టి దొర్లించేవాడు. తనకు మూడు, అమ్మమ్మకు ఆరు. తనవి ఎంత వంకరగా వచ్చినా పట్టించుకునేవాడు కాదు. అమ్మమ్మవి మాత్రం సన్నగా, గట్టిగా ఉండాలి. ఎందుకంటే ఆమెది అడ్డపొగ. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. వదులుగా చుడితే బూడిద నాలుక మీద రాలుతుంది.

ఆ పేటలో ఆడవాళ్ళు సగం మంది అలాగే తాగేవారు. ఏటిగట్టు గాలికి బయట ఉన్న నిప్పు ఆరిపోతుంది, నోట్లో ఉన్నది ఆరదు. పైగా రెండు చేతులూ రొయ్యలు ఏరుకోవడానికి ఖాళీ. అమ్మమ్మ కాపురానికి వచ్చిన ఏడాదే అత్తగారి దగ్గర నేర్చుకుంది. పెద్దాపురం వైపు నుంచి పెళ్ళిచూపులకు వచ్చిన అల్లుడు రామకృష్ణ, కాబోయే అత్తగారు నిప్పు నోట్లో పెట్టుకోవడం చూసి, నీళ్ళ చెంబు పట్టుకుని పరుగెత్తాడట. "కంగారు మనిషి, మన సరోజినిని బాగానే చూసుకుంటాడు" అని అమ్మమ్మ ఆ చెంబు చూసే సంబంధం ఖాయం చేసింది.

నలభై ఏళ్ళ కాపురంలో తాత ఆమెకు పూలు తెచ్చిన గుర్తు ఎవరికీ లేదు. కొత్త చీర కడితే చూశాడో లేదో కూడా తెలియదు. చుట్టలు చుట్టడం మాత్రం ఒక్కరోజు మానలేదు. చలిజ్వరం వచ్చి వణికిపోతున్న రోజున కూడా దుప్పటి కప్పుకుని కూర్చుని ఆరూ చుట్టి, తలగడ పక్కన పెట్టి పడుకున్నాడు.

రెండువేల నాలుగులో, ఒక మధ్యాహ్నం ఆయన వల బాగుచేసుకుంటూ తల ఎత్తి చూశాడు. అమ్మమ్మ చుట్ట నిప్పు బయటికి పెట్టుకుని, మగాడిలా తాగుతోంది. ఇంకొకరైతే నవ్వేవారు. తాత చేతిలో సూది ఆగిపోయింది.

"అడ్డం మానేశావేం?"

"నా నోరు, నా ఇట్టం."

"ఏదీ, నోరు తెరువు."

"మార్కెట్లో రోజంతా తెరిచే ఉంటది. అప్పుడు సూడకపోయావా?"

తాత లేచి పడవలో వాడే టార్చి తెచ్చాడు. అమ్మమ్మ కాసేపు పెదాలు బిగించి, ఇక లాభం లేదని నోరు తెరిచింది. అంగిలి మీద తెల్లటి పొర, దాని నడుమ రూపాయి బిళ్ళంత పుండు. తాత టార్చి ఆర్పేశాడు. మళ్ళీ వెలిగించి చూశాడు. పుండు అక్కడే ఉంది.

"ఎన్నాళ్ళయింది?"

"ఏసంకాలం నించి."

"ఎవరికి చెప్పేవు?"

"ఉప్పునీళ్ళకి" అంది అమ్మమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "కారం తగలట్లేదు మావా. పచ్చిమిరగాయ నమిలినా పప్పన్నం తిన్నట్టే ఉంది" అంది.

ఆరు నెలలుగా ఆ ఇంటి చేపల పులుసు తిన్నవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని చెంబుల కోసం ఎందుకు తడుముకుంటున్నారో తాతకు అప్పుడు తెలిసింది.

కాకినాడ ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడు. టార్చి వేసి చూశాడు, ముక్క తీసి పరీక్షకు పంపాడు, కాగితం వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టి క్యాన్సరని చెప్పాడు. ఎలా వచ్చిందో కూడా విడమరిచి చెప్పాడు.

"ఈ చుట్టలు ఏ కొట్లో కొంటుందండీ?"

"కొనదండి."

"మరి?"

"నేనే చుడతానండి" అన్నాడు తాత. "ఆరండి, రోజుకి."

డాక్టరు కాగితం మీదికి వంగాడు. తర్వాత అమ్మమ్మ వయసెంతో అడిగాడు.

ఆ సాయంత్రం తాత ఇంట్లో ఉన్న పొగాకు కట్టలన్నీ, తన మూడు చుట్టలతో సహా, పడవలో వేసుకుని వెళ్ళి గోదారిలో పడేసి వచ్చాడు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి, "ఏవయ్యోయ్, సేపలక్కూడా అడ్డపొగ నేర్పుతావా ఏంటి?" అంది. ఆయన నవ్వలేదు. అరుగు మీద కూర్చుని తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. పొగాకు రంగు సబ్బుకు పోదు.

ఆపరేషన్‌లో అమ్మమ్మ అంగిలి తీసేశారు. నడిమి గోడ పడగొట్టిన ఇల్లులాగా నోరూ ముక్కూ ఒక్కటైపోయాయి. పళ్ళసెట్టులాంటి గులాబీరంగు ప్లేటు ఒకటి ఇచ్చి, తినేటప్పుడూ మాట్లాడేటప్పుడూ పెట్టుకోమన్నారు. అది పెట్టుకుంటే మాట సగం తెలిసేది. కానీ ఒరుసుకుని పుండ్లు పడుతుంటే అమ్మమ్మ తీసి గిన్నెలో పడేసేది. ప్లేటు లేకపోతే గంజి ముక్కులోంచి వచ్చేది, మాటా ముక్కులోంచే వచ్చేది. ఏ అక్షరానికీ ఆకారం లేని మాట. కన్నకూతురు సరోజినికే ఒక్క ముక్క తెలిసేది కాదు. "మళ్ళీ సెప్పమ్మా, మళ్ళీ సెప్పమ్మా" అని అడిగి అడిగి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేది.

తాతకు మాత్రం అంతా తెలిసేది. నలభై ఏళ్ళు తిరిగి ఒక్క మాట అనకుండా విన్నవాడికి ఆ మాత్రం రాదా? ఆమె గొంతు లేచే తీరును బట్టి అది కోపమో, దాహమో, పక్కింటివాళ్ళ మీద చాడీయో పట్టేసేవాడు. వేట మానేశాడు. వల ముడులు వేసిన వేళ్ళతోనే ప్లేటు కడిగి, దాని కొక్కేలు సరిచేసి, ఆమె నోట్లో అమర్చేవాడు. ఆమె తింటుంటే ముక్కు కింద మెత్తటి గుడ్డ పట్టుకుని కూర్చునేవాడు. వచ్చినవాళ్ళతో ఆమె మాటలు ఆయనే చెప్పేవాడు. దాంతో ఊళ్ళో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి ఊళ్ళో అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషికి గొంతైపోయాడు.

అయితే ఆ గొంతు పూర్తిగా నమ్మదగినది కాదు. మార్కెట్టులో అమ్మమ్మ పక్కనే గంప పెట్టుకునే ఆరోగ్యమ్మ ఒకరోజు బత్తాయిలు పట్టుకుని చూడటానికి వచ్చింది.

"ఎలాంటి మడిసివి ఎలాగైపోయావే సత్యవతీ! మా సెల్లెలి మావగారిక్కూడా ఇలాగే వచ్చింది. ఆరు నెల్లు తిరక్కుండానే..." అని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మమ్మ ముక్కులోంచి ఒక పెద్ద గాలివాన వెలువడింది. చేతులు కూడా ఆడాయి.

"ఏంటంటంది అన్నయ్యా?"

"నువ్వొచ్చినందుకు సంతోషంగా ఉందంటందమ్మా" అన్నాడు తాత.

"అంత పొడుగు మాటకి ఇంతేనా?"

తాత బత్తాయిల వైపు చూశాడు. "బత్తాయిలు బాగున్నాయంటంది."

నిజానికి అమ్మమ్మ అన్నది ఇది: "దీన్ని బయటికి తోలు మావా. దీని గంపలో సేప కంటే దీని నోట్లో మాట ముందు కుళ్ళుద్ది. ఎల్లే ముందు నా తూకంరాయి ఎక్కడ దాచిందో అడుగు." ఆరోగ్యమ్మ వీధి మలుపు తిరిగే దాకా ఆగి, మొగుడూ పెళ్ళాలిద్దరూ నవ్వారు. అమ్మమ్మ నవ్వుకు గంజి ముక్కులోంచి పొంగింది. తాత గుడ్డ పెట్టి తుడిచాడు. ఆ ఏడాది మొత్తంలో వాళ్ళు మనసారా నవ్వింది ఆ ఒక్కసారే.

పద్నాలుగు నెలలకు అది మళ్ళీ వచ్చింది. ఈసారి ఎడమ బుగ్గ ఎముకలోకి, కంటి కిందికి పాకింది. డాక్టరు చెప్పవలసినదంతా దాచకుండా చెప్పాడు.

"ఇంకో ఆపరేషన్ చెయ్యొచ్చు. ఎముకతో పాటు కన్ను కూడా తియ్యాలి. తీసినా తిరిగి రాదని నేను హామీ ఇవ్వలేను. వద్దనుకుంటే నొప్పికి మందులిస్తాను. ఆవిడ నోరు, ఆవిడ కన్ను. ఆవిడేమంటే అదే చేద్దాం. అడగండి."

అమ్మమ్మ తాత వైపు తిరిగింది. చాలా చిన్న మాట అంది.

"వొద్దు మావా. ఇంటికెల్లిపోదాం."

డాక్టరు తాత ముఖంలోకి చూశాడు. "ఏమంటున్నారు?"

తాత డాక్టరు వైపు తిరిగాడు. "చేయించుకుంటానంటందండి. కన్ను పోయినా పర్లేదంటండి. ఇంకో కన్నుంది కదా అంటందండి. మనవల పెళ్ళిళ్ళు చూడాలంటండి. అన్నిటికీ సిద్ధమేనంటందండి."

అది ఆయన జీవితంలో ఒక్క ఊపిరిలో మాట్లాడిన అతి పొడుగు మాట. ఒక్క ముక్క కూడా ఆమెది కాదు.

అమ్మమ్మ కుడిచేయి ఒళ్ళోంచి కొద్దిగా లేచింది. ఒక్కసారి అడ్డంగా ఊపితే చాలు, డాక్టరుకు అర్థమైపోయేది. ఆమె తాత ముఖం చూసింది. చేయి మళ్ళీ ఒళ్ళోకి దిగిపోయింది. నర్సు కాగితం తెస్తే బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేసింది.

కన్ను తీశారు. ఆ తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. ఆ ముప్పై రోజుల గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ముఖం ఎడమ సగం లోపలికి కుంగిపోయింది. మెడ చర్మం నల్లగా ఊడి వచ్చింది. ఏ రోజూ మంచం పట్టి ఎరగని మనిషి పొద్దున్న మంచం దిగడానికి తాత భుజం పట్టుకునేది. తాత అద్దం తీసి అటక మీద పెట్టేశాడు. అమ్మమ్మ ఇత్తడి చెంబులో చూసుకుని, "సరిపోయింది, ఇప్పుడు ఆరోగ్యమ్మ నాకంటే అందగత్తె" అంది. ఇది మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆరు నెలలు కూడా గడవలేదు. రెండువేల ఆరు వానాకాలంలో మెడ మీద నిమ్మకాయంత గడ్డ లేచింది. కాకినాడ డాక్టరు ఈసారి చాలాసేపు కాగితాలే చూశాడు. చెన్నైలో ఒక కొత్త మందు ఎక్కిస్తున్నారనీ, మీరు మరీ కోరితే రాసిస్తాననీ, తన సొంత తల్లికైతే మాత్రం తీసుకెళ్ళననీ చెప్పాడు. సరోజిని చివరి మాట వినలేదు. చెన్నై అన్నదొక్కటే విన్నది. ఊళ్ళోనే అగ్రహారంలో ఉన్న తమ ఇంటికి వెళ్ళగానే రామకృష్ణ చేత గురువారం రైలుకు టిక్కెట్లు చేయించింది.

బుధవారం పొద్దున తాత ప్లేటు కడుగుతుంటే అమ్మమ్మ పిలిచింది.

"మావా, నేను రాను. ఈసారి నా మాట నా మాటలాగే సెప్పు."

తాత ప్లేటు గిన్నెలో పెట్టేశాడు. "ఆ రోజు... ఇన్నావా?"

"సెవులు కొయ్యలేదు గదా."

"మరి చెయ్యూపలేదేం?"

"నీ మొహం సూసి." అమ్మమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "పైగా జన్మకి ఒక్కసారి అంత పొడుగు మాట మాట్లాడతన్నావు. అడ్డం ఎందుకు రావాలి?"

తాత ప్లేటు తీసి మళ్ళీ కడిగాడు. "ఈసారి నువ్వే సరోజినికి చెయ్యూపవే. నావల్ల కాదు" అన్నాడు.

"దాని మొహం సూసీ ఊపలేను. నువ్వే సెప్పాలి. నాకింకెవరున్నారు సెప్పేవోళ్ళు?"

మధ్యాహ్నం సరోజిని సంచీ సర్దుకుని వచ్చింది. తల్లి చీరలు నాలుగు మడతపెట్టింది. రామకృష్ణ ఆటో మాట్లాడి వచ్చాడు. సరోజిని మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తల్లి చేయి రెండు చేతుల్లో పట్టుకుంది.

"ఎల్దామా అమ్మా? అక్కడ తగ్గిపోద్ది. ఎల్దామా?"

అమ్మమ్మ మిగిలిన ఒక్క కన్నుతో కూతుర్ని చూసింది. తల ఊపలేదు, చేయి ఊపలేదు. కన్ను మూసుకుంది.

"రానంటంది" అన్నాడు తాత గుమ్మం దగ్గర నుంచి.

"అమ్మ ఏవన్లేదు కదా నాన్నా."

"పొద్దున్న నాతో అంది. ఇంట్లోనే ఉంటానంది."

సరోజిని లేచి నిలబడింది. "మొన్నటిదాకా కన్నైనా ఇచ్చేత్తానన్న మడిసి ఇప్పుడు రానంటదా? నీకు ఓపిక అయిపోయింది, అది సెప్పు. సాకిరీ సెయ్యలేక అమ్మ మీద పెట్టి సెప్తన్నావ్."

రామకృష్ణ "సరోజినీ" అని ఆపబోయాడు. ఆమె వినలేదు. "మా అమ్మ బతకాలనుకుంది! మనవల పెళ్ళిళ్ళు సూత్తానంది! డాక్టరుగారి ముందు అందని నువ్వే కదా సెప్పేవు!"

తాత గుమ్మం పట్టుకున్నాడు. తలవంచుకుని ఊరుకుంటే సాయంత్రానికి ఆటో కదులుతుంది, కూతురి దృష్టిలో మంచివాడుగా మిగులుతాడు.

"అనలేదమ్మా" అన్నాడు. "ఆ రోజు కూడా వొద్దనే అంది. ఇంటికెల్లిపోదామంది. నేనే... నేనే అబద్ధం చెప్పాను."

సరోజిని తల్లి ముఖంలో కన్ను ఉండవలసిన చోటును చూసింది. తర్వాత తండ్రిని చూసింది.

"అయితే కన్ను తీయించింది నువ్వా?"

"నేనే."

"ఆ కరెంటు... ఆ నెల్లాళ్ళు... అదంతా నువ్వేనా?"

"నేనేనమ్మా. చుట్టలూ నేనే."

సరోజిని సంచీలో పెట్టిన నాలుగు చీరలూ తీసి మంచం మీద పెట్టింది. ఖాళీ సంచీ భుజాన వేసుకుని ఆటోలో అగ్రహారం వెళ్ళిపోయింది. అమ్మమ్మ కన్ను తెరిచి, "బాగా సెప్పేవు మావా" అంది. అంత మెచ్చుకోలు ఆయనకు ఆ నలభై ఏళ్ళలో ఎప్పుడూ దొరకలేదు. దాన్ని ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు. లేచి గంజి పెట్టడానికి వెళ్ళాడు.

సరోజిని ఎనిమిది రోజులు రాలేదు. తొమ్మిదో రోజున వచ్చి మంచానికి అవతలి వైపు కూర్చుంది. ఆ తర్వాత రోజూ వచ్చింది, కానీ తండ్రితో మాట్లాడలేదు. "అమ్మా, గంజి సల్లారిపోతందని నాన్నకి సెప్పు" అనేది. "అమ్మా, మందు టైమయిందని సెప్పు" అనేది. మాటే లేని మనిషి ఇద్దరి మధ్య మాటలు మొయ్యాల్సి వచ్చింది. అమ్మమ్మ విసుక్కుంటే తాత అది కూడా ఉన్నదున్నట్టే చెప్పేవాడు. "మీ ఇద్దరి గోల పడలేక పోతానంటంది." సరోజిని గోడ వైపు తిరిగి వినేది.

ఆగస్టులో గోదారి వరద పేటలోకి వచ్చింది. మంచాన్ని ఇటుకల మీదికి ఎత్తి, ఆ నాలుగు రోజులూ తాత నీళ్ళలో నిలబడే గంజి పట్టాడు. నీళ్ళు తీసిన వారానికి, ఇల్లంతా బురద కడుగుతున్న పొద్దునపూట, అమ్మమ్మ కళ్ళాపి చప్పుడు విన్నట్టు తల తిప్పింది. ఏదో అంది. నాలుగైదు అక్షరాలుంటాయి.

తాత చీపురు వదిలేసి వంగాడు. "ఏంటే?"

అమ్మమ్మ మళ్ళీ అంది. ఈసారి ఇంకా చిన్నగా. ఆయన చెవి ఆమె నోటికి ఆనించి ఉంచాడు. ఎంతసేపు ఉంచాడో ఆయనకే తెలియదు. సరోజిని వచ్చి భుజం పట్టుకుని లేపేదాకా అలాగే ఉన్నాడు.

పేట పేటంతా వచ్చింది. ఆరోగ్యమ్మ అందరికంటే ముందు వచ్చి, అందరికంటే గట్టిగా ఏడ్చింది. ఏడుపు మధ్యలో సరోజిని, నెల తర్వాత మొదటిసారి, నేరుగా తండ్రి ముఖంలోకి చూసి అడిగింది.

"నాన్నా, ఆఖర్న ఏవంది? నా పేరేనా?"

ఏడుపులు ఆగాయి. అందరూ తాత వైపు తిరిగారు.

"సెప్పన్నయ్యా" అంది ఆరోగ్యమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "కూతుర్ని తల్సుకునుంటది. సెప్పు, దాని మనసు సల్లబడుద్ది."

తాత నోరు తెరిచాడు. 'సరోజినీ' అంటే నాలుగే అక్షరాలు. ఆయన కూతురు ఆ నాలుగు అక్షరాల కోసం బురదలో కూర్చుని ఎదురుచూస్తోంది.

"అర్థం కాలేదమ్మా" అన్నాడు. "రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ నాకు అర్థం కాలేదు."

సరోజిని ఇంకోసారి అడగలేదు.